రన్‌వే పనులు ఆపించడం సంగతి తర్వాత, ముందు మీ గడువు చూసుకోండి

సందేహం: మా ఊరి పక్కన చిన్న విమానాశ్రయం ఉంది. పెద్ద విమానాలు దిగేలా రన్‌వే పొడిగిస్తామని, కొత్త టెర్మినల్ కడతామని భూములు సేకరించారు. మా తాత చెమటోడ్చి కొన్న 2 ఎకరాల 40 సెంట్లలో 1 ఎకరం 60 సెంట్లు పోయింది. బోరు, 22 కొబ్బరి చెట్లు అందులోనే ఉన్నాయి. మిగిలిన 80 సెంట్లకు దారి లేదు. విచారణ సమయంలో ఎకరాకు ఎక్కువ ఇవ్వాలని రాసిచ్చాను, కాపీ ఉంచుకోలేదు. మే 12న అవార్డు (పరిహారం ఖాయం చేసే ఉత్తర్వు) ప్రకటించారు. ఆ రోజుల్లో అమ్మను ఆసుపత్రిలో చేర్చి అక్కడే ఉన్నాను. నోటీసు మా అన్నయ్య కొడుకు తీసుకున్నాడట, ఎప్పుడో చెప్పలేకపోతున్నాడు. జులై 1న ఆర్డీవో ఆఫీసుకు పిలిపించి కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. నేను చదవలేదు. 4వ తేదీన డబ్బు ఖాతాలో పడింది. పక్క ఊళ్లో మాకిచ్చిన దానికి రెట్టింపు ధరకు అమ్మకాలు జరిగాయి. పొలంలో యంత్రాలు తిరుగుతుంటే అమ్మ రోజూ ఏడుస్తోంది. హైకోర్టుకు వెళ్లి పనులు ఆపించవచ్చా? ఒకాయన జులై 1వ తేదీతో అభ్యంతర పత్రం రాయించి, ఆఫీసులో ఇన్‌వార్డు ముద్ర కూడా వేయిస్తానంటున్నాడు. అది పనికొస్తుందా?
— ఒక రైతు, ఆంధ్రప్రదేశ్

జవాబు: మీ తాతగారి కష్టం గురించి, అమ్మగారి కన్నీళ్ల గురించి వివరంగా రాశారు. మీ కేసును తేల్చే విషయాన్ని మాత్రం రెండు ముక్కల్లో దాటేశారు. సంతకం పెట్టాను, చదవలేదు అన్నారు. ఆ కాగితంలో ఏముందన్న దాని మీదే మీకు ఇకపై పైసా పెరుగుతుందా లేదా అన్నది ఆధారపడి ఉంది. భూమి పోతోందని తెలిసీ, చదువు వచ్చీ, సంతకం పెట్టే ముందు ఒక్కసారి చదవకపోవడం, నకలు అడగకపోవడం చాలా పెద్ద నిర్లక్ష్యం. విచారణలో రాసిచ్చిన దానికీ కాపీ లేదు, రసీదు లేదు. ఆఫీసులో ఏ కాగితం ఇచ్చినా రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలని పల్లెల్లో పింఛను దరఖాస్తు పెట్టే పెద్దవాళ్లకు కూడా తెలుసు.

భూసేకరణ 2013 నాటి చట్టం ప్రకారం జరిగింది. అది 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కలెక్టరు కట్టిన పరిహారం చాలదనుకున్నవారు సెక్షన్ 64 కింద దరఖాస్తు ఇస్తే, ఆయన దాన్ని 30 రోజుల్లో భూసేకరణ అథారిటీకి, అంటే పరిహారం తగాదాలు తేల్చే సంస్థకు పంపాలి. పంపకపోతే మీరే అథారిటీని ఆశ్రయించి, పంపేలా ఆదేశించమని కోరవచ్చు. అయితే సెక్షన్ 77లో ఒక అడ్డుకట్ట ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు ‘చాలదు, నిరసనతో తీసుకుంటున్నాను’ అని తెలపకుండా తీసుకున్నవారికి సెక్షన్ 64 దరఖాస్తు పెట్టే అర్హత లేదు. అందుకే అడుగుతున్నాను, జులై 1న మీరు సంతకం పెట్టినది ఏమిటి?

మూడు రకాలుగా ఉండవచ్చు. బ్యాంకు వివరాలిచ్చే ఫారం, మామూలు రసీదు మాత్రమే అయితే మీకు వాదించడానికి చోటుంది. మీ చేత్తోనో టైపులోనో నిరసన మాట ఏ మూలనైనా ఉంటే మీ అదృష్టం. ఇక మూడోది, నాకు భయం కలిగించేది, సమ్మతి పత్రం. రాష్ట్ర సవరణల తర్వాత భూయజమాని ఒప్పుకుంటే విచారణ లేకుండానే ధర ఖాయం చేసి అవార్డు ఇచ్చే పద్ధతి ఉంది. ‘ఈ ధరకు సమ్మతిస్తున్నాను, ఇకపై ఏ కోర్టులోనూ అడగను’ అన్న వాక్యం కింద మీ సంతకం ఉంటే సెక్షన్ 64 దారి దాదాపు మూసుకుపోయినట్టే. మీ విషయంలో అవార్డు మే 12న వచ్చి, సంతకం జులై 1న పెట్టారు కాబట్టి అది సమ్మతి అవార్డు కాకపోవచ్చని తేదీలు చెబుతున్నాయి. కాగితం చూడందే ఏ వకీలూ మీకు ఖాయంగా చెప్పలేడు. చెప్పినా నమ్మకండి.

ఇప్పుడు గడువు. అవార్డు చెప్పిన రోజు మీరు గానీ మీ తరఫువారు గానీ అక్కడ ఉంటే, ఆ రోజు నుంచి 6 వారాలు. లేనప్పుడు, కలెక్టరు నోటీసు అందినప్పటి నుంచి 6 వారాలు లేదా అవార్డు తేదీ నుంచి 6 నెలలు, వీటిలో ఏది ముందు ముగిస్తే అది. మీ ఉత్తరం మీద సెప్టెంబరు 10 తేదీ ఉంది. నోటీసు మీకు చట్టప్రకారం అందలేదని తేలితే నవంబరు 11 దాకా సమయం ఉంది. అందిందని తేలితే 6 వారాలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

మీ అన్నయ్య కొడుకు సంగతి ఇక్కడ ముఖ్యం. నోటీసు ఎవరి పేరున ఉందో వారికే ఇవ్వాలి. వారు దొరకనప్పుడు వారితో కలిసి నివసించే వయోజన కుటుంబ సభ్యుడికి ఇవ్వవచ్చు. ఆ కుర్రాడు మీ ఇంట్లోనే ఉంటున్నాడా, వేరే ఇంట్లోనా? రేషన్ కార్డు, ఓటరు జాబితాలో అతని చిరునామా ఏముంది? మేజరేనా? వేరు కాపురమైతే ఆ అందజేతను ప్రశ్నించవచ్చు. పాత 1894 చట్టంలోని ఇలాంటి గడువు మీదే 1961లో హరీశ్చంద్ర రాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అవార్డు తేదీ అంటే అది భూయజమానికి తెలిసిన లేదా తెలిసినట్టు భావించదగిన తేదీ అని చెప్పింది. దీన్ని పట్టుకుని ధీమాగా కూర్చోకండి. జులై 4న డబ్బు పడ్డాక నాకు తెలియదనడం కుదరదు.

గడువు దాటినా 2013 చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. తగిన కారణం చూపితే మరో ఏడాదిలోపు కలెక్టరు దరఖాస్తును స్వీకరించవచ్చు. అమ్మగారి ఆసుపత్రి సంగతి మీకు ఉపయోగపడేది ఇక్కడ మాత్రమే. అదీ మాటలతో కాదు. అడ్మిషన్ చీటీ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, మీరు అటెండెంట్‌గా ఉన్నట్టు చూపేది ఏదైనా జతచేయాలి. డిశ్చార్జి అయిన తేదీ నుంచి ఈనాటి వరకు ఎందుకు ఆలస్యమైందో కూడా రాయాలి. చాలామంది ఆ ఖాళీని వదిలేసి దరఖాస్తు పోగొట్టుకుంటారు.

ఇన్‌వార్డు ముద్ర వేయిస్తానన్న మనిషి దగ్గరికి ఇంకెప్పుడూ వెళ్లకండి. పాత తేదీతో పత్రం పుట్టించి ప్రభుత్వ ఆఫీసు ముద్ర వేయించడం ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 336 కింద అది నేరం. ఆ పత్రాన్ని అసలైనదిగా వాడిన మీకు సెక్షన్ 340 వర్తిస్తుంది. భూసేకరణ చట్టంలోనూ సెక్షన్ 84 కింద తప్పుడు పత్రం దాఖలు చేస్తే 6 నెలల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. దొరకదనుకుంటున్నారేమో, ఆ రోజు ఇన్‌వార్డు రిజిస్టరులో వరస సంఖ్యలు ఉంటాయి, ఆన్‌లైన్ ఫైలులో నమోదు ఉంటుంది. ప్రభుత్వ న్యాయవాది మొదట అడిగేది ఆ రిజిస్టరే. అప్పుడు మీ నిజమైన కేసు కూడా ఆ దొంగ కాగితంతోపాటే పోతుంది. ముద్ర వేయించినాయన మాత్రం సాక్షిగా కూడా కనబడడు.

ఇంకో రెండు ప్రలోభాలు కూడా ఇలాంటి చోట వినిపిస్తాయి. ఒకటి, ఎక్కువ ధర వేసి బంధువుల మధ్య విక్రయ దస్తావేజులు రాయించుకోవడం. ప్రాథమిక నోటిఫికేషన్ తేదీ నాటి మార్కెట్ విలువే లెక్క కాబట్టి, తర్వాత పుట్టిన దస్తావేజు దండగ. పైగా నోటిఫై అయిన భూమిలో లావాదేవీలు చేయకూడదని సెక్షన్ 11 చెబుతోంది. రెండోది, సివిల్ కోర్టులో ఇంజంక్షన్. సెక్షన్ 63 ఆ తలుపు మూసేసింది.

హైకోర్టు రిట్‌తో పనులు ఆపించవచ్చా అని అడిగారు. అభ్యంతరం చెప్పాల్సింది ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో, సెక్షన్ 15 కింద. అప్పుడు చెప్పారా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇప్పుడు అవార్డు అయింది, డబ్బు పడింది, స్వాధీనం జరిగింది. రన్‌వేను మీ పొలం తప్పించి పక్కకు తిప్పమనీ అడగలేరు, అది ఇప్పుడున్న గీత మీదే పొడుగు కావాలి. రన్‌వే చివర 60 మీటర్ల స్ట్రిప్ (రన్‌వే చుట్టూ చదునుగా ఉంచే నేల), దాని తర్వాత విమానం అదుపు తప్పితే ఆగడానికి 240 మీటర్ల భద్రతా స్థలం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు సిఫారసు చేస్తాయి. పెద్ద జెట్ విమానాలకు అనువుగా మార్చే చోట స్ట్రిప్ వెడల్పు కూడా 280 మీటర్ల దాకా అవసరమవుతుంది. ప్రయాణికుల ప్రాణాలతో ముడిపడిన ఈ కొలతల్లో కోర్టు జోక్యం చేసుకుంటుందని ఆశపడి డబ్బు పోగొట్టుకోకండి. రిట్ కోసం చూడదగినది ఒక్కటే. సెక్షన్ 19 డిక్లరేషన్ (భూమి తీసుకుంటున్నామన్న తుది ప్రకటన) నుంచి 12 నెలల్లోపు అవార్డు రాకపోతే, ప్రభుత్వం గడువు పొడిగించి ఉండకపోతే, సెక్షన్ 25 ప్రకారం సేకరణ రద్దవుతుంది. డిక్లరేషన్ తేదీ గెజిట్‌లో చూడండి. తేదీలు సరిపోతే రిట్ ఆలోచన వదిలేయండి.

మీ బలం ధరలో ఉంది, దాని మీద శ్రద్ధ పెట్టండి. సెక్షన్ 26 ప్రకారం రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల ఇలాంటి భూముల సగటు అమ్మకం ధర, ఈ రెండింటిలో ఎక్కువైనది తీసుకోవాలి. సగటుకు ముందటి 3 ఏళ్ల దస్తావేజులు చూసి, వాటిలో ఎక్కువ ధర ఉన్న సగభాగాన్నే లెక్కించాలి. మీ అధికారి రిజిస్ట్రేషన్ విలువ దగ్గరే ఆగిపోయారంటే ఈ లెక్క చేశారా లేదా అన్నది అవార్డు ప్రతిలో కనిపించాలి. గ్రామీణ ప్రాంతాలకు మార్కెట్ విలువను హెచ్చవేసే గుణకం 1 నుంచి 2 మధ్య ఉంటుంది, మీకు ఎంత వేశారో చూడండి. ఆ మొత్తం మీద 100 శాతం సొలేషియం (బలవంతంగా భూమి పోయినందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) కూడా ఉంది. అంటే మార్కెట్ విలువలో లక్ష తేడా వస్తే మీ చేతికి కనీసం రెండు లక్షలు పెరుగుతుంది. అథారిటీ పెంచిన సొమ్ముకు స్వాధీనం తేదీ నుంచి 9 శాతం వడ్డీ, ఏడాది దాటాక 15 శాతం వస్తాయి.

దీనికి ‘పక్క ఊళ్లో రెట్టింపు ధర’ అన్న మాట చాలదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సర్వే నంబర్లకు ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి, నోటిఫికేషన్‌కు ముందటి 3 ఏళ్ల దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోండి. విమానాశ్రయం విస్తరిస్తారని ప్రచారమయ్యాక జరిగిన అమ్మకాలను అవతలివారు కొట్టిపారేస్తారు, అంతకు ముందువి వెతకండి. ఆ భూములు మీ భూమికి ఎంత దూరమో గ్రామ నక్షా మీద గుర్తుపెట్టించండి. మాగాణికి మాగాణి, మెట్టకు మెట్ట పోలిక ఉండాలి. బోరుకు కరెంటు సర్వీసు బిల్లులు, చెట్లకు అడంగల్ నకలు, ఉద్యాన అధికారి లెక్క సేకరించండి. పొలం పాత ఉపగ్రహ చిత్రాలుంటే తీయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం జత చేయాలి.

మిగిలిన 80 సెంట్ల గురించి మీరు నిట్టూర్చి వదిలేశారు. నా దృష్టిలో అది విడిగా అడగాల్సిన సొమ్ము. భూమిని ముక్క చేయడం వల్ల, మిగతా ఆస్తికి హాని కలగడం వల్ల వచ్చే నష్టాన్ని కలెక్టరు లెక్కించాలని సెక్షన్ 28 చెబుతోంది. ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే శాఖ పొలం కొలతల పటం) మీద పాత దారి ఎక్కడ తెగిందో సర్వేయరు చేత చూపించండి, ప్రహరీ లేవకముందే ఫొటోలు తీయించండి. మరో సంగతి. విమానాశ్రయం చుట్టూ కట్టడాల ఎత్తు మీద 2015 నిబంధనలు ఉన్నాయి. రన్‌వే చివర దగ్గర ఆ ఎత్తు చాలా తక్కువగా ఉంటుంది. అక్కడ ఇల్లు, షెడ్డు, సెల్ టవరుకు అద్దె లాంటి ఆలోచనలేవైనా ముందు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల జోనింగ్ మ్యాపు చూడండి. రన్‌వే పొడిగించడం వల్ల మీ 80 సెంట్ల మీద పరిమితి పెరిగితే, ఆ మ్యాపు నకలు మీ నష్టానికి సాక్ష్యం అవుతుంది.

పునరావాస అవార్డు విడిగా ఇచ్చారేమో కూడా అడగండి. భూమి పోయిన కుటుంబానికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్ల పాటు నెలకు కనీసం 2,000 అన్న ఎంపికలు కేంద్ర చట్టం రెండో షెడ్యూలులో ఉన్నాయి. మీకు ఏ రూపంలో లెక్కించారో కాగితం మీద తీసుకోండి.

ఈ వారమే చేయాల్సింది ఇది. సెక్షన్ 64 దరఖాస్తు సిద్ధం చేసి భూసేకరణ అధికారికి నేరుగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకో ప్రతి స్పీడ్ పోస్టులో కలెక్టరుకు పంపండి. ధర, బోరు, చెట్లు, తెగిన దారి, ఎత్తు పరిమితి, గుణకం, అన్ని కారణాలూ అందులోనే రాయండి. ఆలస్యానికి మన్నింపు కోరే దరఖాస్తు జతచేయండి, గడువు మిగిలే ఉందన్న మీ వాదన వదలకుండానే. ధర మీద మొదటి నుంచీ అభ్యంతరం చెప్పానని, విచారణలో రాసిచ్చానని, డబ్బు ఖాతాలో పడినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా పెట్టండి. అదే రోజు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. అవార్డు ప్రతి, మీరు విచారణలో ఇచ్చిన వాంగ్మూలం, నోటీసు అందజేత రసీదు, జులై 1 సంతకం ఉన్న ప్రతి కాగితం అడగండి. జవాబుకు 30 రోజులు పడుతుంది, దాని కోసం సెక్షన్ 64 దరఖాస్తును ఆపకండి. విచారణలో మీరు ఎక్కువ ధర అడిగిన కాగితం ఫైలులో దొరికితే, నిరసన ఉందని వాదించడానికి దానికి మించిన ఆధారం మీ దగ్గర లేదు.

ఇదంతా కుదరకపోతే సెక్షన్ 73 ఉంది. అదే నోటిఫికేషన్ కింద భూమి పోయిన మరో రైతుకు అథారిటీ పరిహారం పెంచితే, సెక్షన్ 64 కింద అడగనివారు కూడా తమకూ అదే రేటు కావాలని కలెక్టరును కోరవచ్చు. గడువు అథారిటీ అవార్డు నుంచి 3 నెలలు, నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. నాకు ఆలస్యంగా తెలిసిందన్న కారణం ఇక్కడ చెల్లదు. అందుకే మీ ఊళ్లో దరఖాస్తు పెట్టిన రైతుల పేర్లు, కేసు నంబర్లు ఇప్పుడే రాసిపెట్టుకుని, నెలకోసారి వారి వకీలు దగ్గర ఆరా తీయండి.