కాశీలో ఐదో రోజు

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. మాది విశాఖపట్నం. మావారు షిప్‌యార్డులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. 2024 ఏప్రిల్లో ‘ది వరల్డ్’ అనే పెద్ద ఓడ ఇక్కడి క్రూజ్ టెర్మినల్‌కి వచ్చింది. అప్పటినుంచి ఆయనకి ఒకటే ధ్యాస, ఓడెక్కి ప్రపంచం చుట్టి రావాలని. నాలుగు నెలల ప్రయాణం. ఇద్దరికీ అన్నీ కలిపి 45 లక్షలు అవుతుందట. ఆనందపురం దగ్గర నా పేరున ఉన్న 200 గజాల స్థలం అమ్ముదామంటున్నారు. అది నా గాజులు తాకట్టు పెట్టి కొన్నది. మోకాళ్ల నొప్పులనీ, మేం శాకాహారులం కాబట్టి తిండి పడదనీ చెప్పి తప్పించుకుంటున్నాను. నిజానికి నా భయం ఓడంటే కాదు. ఒకే గదిలో ఆయనతో నాలుగు నెలలంటే. కాశీలో తొమ్మిది నిద్రలు చేద్దామని వెళితే, సత్రం గదిలో ఐదో రోజుకి మా మధ్య మాటల్లేవు. ఆ తర్వాత పొద్దున్నే నేను కేదార్ ఘాట్ మెట్ల మీద, ఆయన పడవలు బాగుచేసేవాళ్ల దగ్గర గడిపేవాళ్లం. ఆరో రోజు సాయంత్రం మాత్రం ఆ పడవల సంగతి గంటసేపు చెప్పారు. శ్రీకాకుళంలో తమ్ముడి దగ్గర మా అమ్మ ఉంది, 86 ఏళ్లు. ఈ ఉత్తరం గాజువాకలో మా చెల్లెలింట్లో కూర్చుని రాస్తున్నాను. సంతకం పెట్టమని రోజూ అడుగుతున్నారు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ముందు ఆ సంతకం సంగతి. ఇప్పుడే పెట్టకండి. పెట్టనని కూడా అనకండి. ‘నాకు కొన్ని నెలలు టైమివ్వండి’ అనండి చాలు. స్థలం మీది, గాజులు మీవి, తొందర మాత్రం ఆయనది. 2023లో ఒక సంస్థ మూడేళ్ల ప్రపంచ యాత్ర అని డబ్బు కట్టించుకుని, తీరా బయలుదేరాల్సిన నెలలో, కొనాలనుకున్న ఓడ చేతికి రాలేదని మొత్తం రద్దు చేసింది. దాన్ని నమ్ముకుని ఇళ్లు అమ్ముకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి ఈ యాత్రలు నడుపుతున్న సంస్థలూ ఉన్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టను. కానీ ఓడ ఖర్చుకి స్థిరాస్తి అమ్మడం వేరు, బ్యాంకులో ఉన్నదాంట్లోంచి పెట్టుకోవడం వేరు. అన్నట్టు, మీవారు చూసిన ‘ది వరల్డ్’లో ఉండేవాళ్లు మనలా టికెట్ కొని ఎక్కినవాళ్లు కారు. 2002 నుంచి తిరుగుతున్న ఆ ఓడలో గదులు సొంతానికి కొనుక్కున్నవాళ్లు. ఆ వైభోగం చూసి ఈ టికెట్ కొంటే ఆయనే నిరాశపడతారు.

ఇక మీ అసలు భయం. అది పిచ్చి భయమేమీ కాదు. టికెట్ కొని ఎక్కే ఓడల్లో తక్కువ ధరకి దొరికే లోపలి గది 150 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుంది. కిటికీ ఉండదు. లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు. రెండు మంచాలు కలిపేసి ఉంటాయి, ఒకరు అల్మరా తెరిస్తే రెండోవారు కాళ్లు పైకి తీసుకోవాలి. అమెరికా పడమటి తీరం నుంచి హవాయికి నాలుగైదు రోజులు, అక్కణ్నుంచి తాహితికి మరో ఐదు రోజులు, చుట్టూ నీళ్లే. పైగా పడమరగా వెళ్లే ఓడలో కొన్ని రాత్రులకొకసారి గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అంటే ఆ రోజుకి ఇరవై ఐదు గంటలు! ఇరవై నాలుగు గంటలే ఎక్కువైన చోట ఇంకో గంట. ఇలా చుట్టు పూర్తయ్యేసరికి పోగయ్యేదంతా, పసిఫిక్ మధ్యలో తారీకు మారే గీత, అంతర్జాతీయ దినరేఖ, దాటేటప్పుడు ఒక రోజు మొత్తంగా ఎగిరిపోయి సరిపోతుంది. ఆ తారీకున మీ పెళ్లిరోజు పడితే ఆ ఏడాదికి అది లేనట్టే.

తొమ్మిది నిద్రలు పదమూడు సార్లు చేస్తే 117 రాత్రులు. మీ నాలుగు నెలలు ఇంచుమించు అంతే. ఐదో రోజుకే మాటలు ఆగిన జంటకి ఇది చిన్న లెక్క కాదు. కానీ ఆ మాట ఆయనకి మీరు ఇంతవరకూ చెప్పలేదు. మోకాళ్ల మీదా, తిండి మీదా నెట్టేశారు. ఆయన షిప్‌యార్డు మనిషి కదా, లీకు ఎక్కడని చెబితే అక్కడ అతుకు వేస్తారు. మోకాళ్లంటే లిఫ్టులున్నాయంటారు, నిజమే, ఉన్నాయి. తిండంటే ముందుగా చెబితే శాకాహారం వండి పెడతారంటారు, అదీ నిజమే. అన్నం రోజూ దొరుకుతుంది. వంటశాలల్లో, డైనింగ్ హాళ్లలో గోవా, ముంబై వాళ్లు చాలామంది పనిచేస్తుంటారు, పప్పు అడిగితే కాదనరు. (ఆవకాయ సీసా మాత్రం తీసుకెళ్లి రేవుల్లో దిగకండి. న్యూజిలాండ్‌లో చెప్పకుండా తినే వస్తువు తెస్తే అక్కడికక్కడే 400 డాలర్లు, వాళ్ల డాలర్లు, కట్టించుకుంటారు. గదిలో రైస్ కుక్కరు, ఇస్త్రీపెట్టె కూడా ఒప్పుకోరు, నిప్పు భయం. భూమధ్యరేఖ దాటే రోజున చాలా ఓడల్లో సముద్రుడి వేషం వేసి, ప్రయాణికుల చేత చేపని ముద్దు పెట్టిస్తారు. మీరు ఆ పూట గదిలోనే పడుకోవచ్చు, ఎవరూ బలవంతం చెయ్యరు.) ఇలా మీరు చెప్పిన ప్రతి సాకుకీ ఆయన దగ్గర జవాబుంటుంది. అన్ని జవాబులూ చెప్పాక కూడా మీరు కాదంటే ఆయనకి ఎంత కోపం వస్తుందో ఆలోచించండి. అసలు అడ్డం ఏమిటో ఆయనకి తెలియదు కాబట్టి.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. 34 ఏళ్లు తన చేతుల మీదుగా ఓడలు తయారై నీళ్లలోకి జారిపోతుంటే ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టిన మనిషి. అవి ఎక్కడికి వెళ్లాయో, ఏ రేవు చూశాయో ఆయనకి తెలియదు. ఆ ఆశని వయసు మీదపడ్డాక పుట్టిన సరదాగా చూడకండి.

అందుకని నేను చెప్పేది ఇది. మొత్తం చుట్టు కాకుండా ఒక భాగం అడగండి. చాలా సంస్థలు ప్రపంచ యాత్రని ముక్కలుగా కూడా అమ్ముతాయి, రెండు మూడు వారాలవి దొరుకుతాయి. సిడ్నీ నుంచి సింగపూర్ దాకానో, సింగపూర్ నుంచి పడమరకో. సింగపూర్‌కి మీ విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది. దానికి స్థలం అమ్మక్కర్లేదు. ఆయన ఒక్కరే మొత్తం వెళతానంటే అదీ ఆలోచించదగ్గదే, కానీ ఖర్చు సగం అవుతుందనుకోవద్దు. గదిలో ఒక్కరున్నా చాలాచోట్ల దాదాపు ఇద్దరి డబ్బూ కట్టించుకుంటారు. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వెళ్లే మూడు నాలుగు రాత్రుల ఓడ ఎక్కి చూద్దామని ఏజెంటు అంటాడు. ఎక్కండి, సముద్రం పడుతుందో వాంతులవుతాయో తెలుస్తుంది. అంతకుమించి తెలియదు, అది పెళ్లివారిల్లులా ఉంటుంది.

డబ్బు కట్టేముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. ఎప్పుడు మానుకుంటే ఎంత వెనక్కి వస్తుంది. ఏయే దేశాల వీసాలు ముందుగా ఉండాలి, ఓడ దిగకపోయినా కొన్ని అడుగుతారు. ఇన్సూరెన్సు ఎన్ని రోజులకి, మీ ఇద్దరి బీపీ, షుగర్లకి వర్తిస్తుందా. ఉంటే దాచకుండా రాయండి. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఆ బిల్లు టికెట్‌లో కలవదు.

మీ అమ్మగారి విషయం. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. పసిఫిక్ మధ్యలో ఉండగా కబురొస్తే ఐదు రోజులదాకా దిగే రేవు ఉండకపోవచ్చు, దిగినా శ్రీకాకుళం చేరేసరికి అన్నీ అయిపోతాయి. ఇది మీ తమ్ముడితో ముందే మాట్లాడండి. అమ్మగారికి తెలివుంటే ఆవిడతోనే మాట్లాడండి. నా ఎరుకలో ఒక పెద్దావిడ, కూతురు ఇలాగే అడిగితే, ‘నువ్వెళ్లు, నేను ఆగుతాను’ అంది. అందరూ అలా అనరు. ‘వద్దే’ అంటే ఆ ఏడు మానుకోవడమే. సింగపూర్ భాగమైతే ఏ రేవులోనైనా దిగి రెండు రోజుల్లో ఇల్లు చేరొచ్చు, నేను దానివైపు మొగ్గడానికి అదొక కారణం.

ఇప్పుడు ఆయనతో ఎలా చెప్పాలన్నది. ఈ ఉత్తరం రాయడానికి మీకు చెల్లెలి ఇల్లు కావలసొచ్చింది. కాశీలో కేదార్ ఘాట్ కావలసొచ్చింది. ఓడలో గాజువాక లేదు. మీ భయం అదే, ఆయన కాదు. దాన్ని అలాగే చెప్పండి. ‘మీతో ఉండలేను’ అంటే ఆయనకి గుచ్చుకుంటుంది, ‘నాకు రోజూ పొద్దున్న రెండు మూడు గంటలు విడిగా కావాలి, కాశీలోలా’ అంటే అర్థమవుతుంది. నా దగ్గరికొచ్చిన ఒక జంట మూడు నెలలు ఓడలో ఉండి వచ్చారు. పొద్దుటి టిఫిను వేర్వేరు డెక్కుల (ఓడ అంతస్తుల) మీద చేసేవాళ్లట. ఆయన పైన నడక, ఆవిడ లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ. ఆ కుర్చీ కోసం ఇంకో ప్రయాణికురాలితో నెలరోజులు పోట్లాడిందట, మొగుడితో పోట్లాడ్డానికి తీరిక లేకపోయిందని నవ్వింది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు గమనించకుండా రాశారనుకుంటాను. ఐదో రోజు మాటల్లేవు, పొద్దున్న ఎవరి దారిన వాళ్లు వెళ్లారు, ఆరో రోజు సాయంత్రం ఆయన వచ్చి పడవల సంగతి గంటసేపు చెప్పారు. చెప్పడానికి ఏదో తెచ్చుకున్నారు కాబట్టి చెప్పారు. ఆ సాయంత్రాన్నే ఆయనకి గుర్తు చేసి మాట మొదలుపెట్టండి. తర్వాత ఆ ఓడ డెక్ ప్లాన్ నెట్‌లోంచి ప్రింటు తీయించి, భోజనాల బల్ల మీద పరిచి, నా కేదార్ ఘాట్ ఎక్కడో చూపించమనండి. ఓడ నక్షా చదవడం ఆయనకి కొట్టిన పిండి.