తీర్పు మీద పందెం కాసే ముందు

అమ్మడూ,

కోర్టు తీర్పు వచ్చేలోపే ఆ టెక్ కంపెనీ షేర్లు కొనాలని చూస్తున్నావని, అందుకు లోన్ కూడా తీసుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. కేసు కాగితాలన్నీ నువ్వే కూర్చుని చదివావని విని ఎంత పొంగిపోయానో! లోన్ మాట వినగానే మాత్రం గుండె గుభేలుమంది.

డబ్బంతా ఒకే కంపెనీలో పెట్టకూడదని నీకు తెలుసు. అది వదిలేస్తాను.

నువ్వు ఎవరు గెలుస్తారా అని చూస్తున్నావు. మార్కెట్‌ చూసేది శిక్ష ఎంత పడుతుందని. గూగుల్ సెర్చ్ కేసే తీసుకో. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా గూగుల్‌ది అక్రమ గుత్తాధిపత్యమని తేల్చారు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ షేరు ఆ రోజు 4 శాతానికి పైగా పడింది. కానీ అదే రోజు జపాన్ షేర్ల సూచీ నిక్కీ 12 శాతం కూలింది, అమెరికా మార్కెట్‌ కూడా గట్టిగా పడింది. అందులో తీర్పు వాటా ఎంతని చెప్పగలం? 2025 సెప్టెంబరు 2న అదే జడ్జి శిక్ష ఖరారు చేస్తూ గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మక్కర్లేదన్నారు. మర్నాడు షేరు 9 శాతం ఎగిరింది. తన ఫోన్లలో గూగుల్ సెర్చ్ పెట్టినందుకు గూగుల్ నుంచి ఏటా డబ్బు అందుకునే ఆపిల్ షేరు కూడా పెరిగింది, ఆ చెల్లింపులు ఆగవని తేలింది కాబట్టి. ఓడిన కంపెనీ షేరు పెరిగిందంటే, జనం అంతకన్నా పెద్ద దెబ్బకు భయపడి ఉన్నారన్నమాట.

ఇప్పుడు నా భయం చెబుతాను. 2000 ఏప్రిల్ 3న మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని ఉల్లంఘించిందని జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ తీర్పిచ్చారు. ఒక్కరోజులో షేరు 14 శాతం పోయింది. నాతో పనిచేసే ఒకాయన నీలాగే తీర్పంతా చదివి, "ఇది అప్పీల్లో నిలవదు" అన్నాడు. బ్రోకర్ దగ్గర మార్జిన్ మీద, అంటే షేర్లనే తాకట్టు పెట్టి, అప్పు చేసి కొన్నాడు. జూన్‌లో కంపెనీని రెండు ముక్కలు చేయమని ఆదేశం వస్తే ఇంకాస్త కొన్నాడు. ఈలోగా డాట్‌కామ్ బుడగ పగిలింది, ఇంటర్నెట్ మోజులో ఉబ్బిన టెక్ షేర్లన్నీ కూలాయి. డిసెంబరుకి షేరు ఆ ఏప్రిల్ ధరలో సగానికి దిగింది. తాకట్టు విలువ చాలట్లేదు, ఇంకా డబ్బు కట్టమని బ్రోకర్ నుంచి మార్జిన్ కాల్ వచ్చింది. డబ్బు సర్దలేకపోయాడు, బ్రోకరే షేర్లన్నీ అమ్మేశాడు. 2001 జూన్ 28న అప్పీల్ కోర్టు విభజన ఆదేశాన్ని నిజంగానే కొట్టేసింది. ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "నేను చెప్పిందే జరిగింది కదా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. 1999 చివర్లో తాకిన గరిష్ఠ ధరను ఆ షేరు మళ్లీ దాటింది 2016లో.

నీ చదువు మీద నాకు అనుమానం లేదు తల్లీ. ఆయన చదువులోనూ తప్పు లేదు. కోర్టుకు దాని తీరిక దానిది, అప్పుకి మాత్రం ప్రతి నెలా గడువే. ఫోన్ చిప్‌లు చేసే క్వాల్‌కామ్ 2019 మేలో ఇలాంటి కేసులోనే కింది కోర్టులో ఓడి, షేరు ఒక్కరోజే పదో వంతు పడింది. ఆ తీర్పును అప్పీల్ కోర్టు కొట్టేసేసరికి 2020 ఆగస్టు వచ్చింది. అన్నాళ్లు ముట్టుకోనక్కర్లేని సొంత డబ్బుంటే కొను, నేనేమీ అనను.

లోన్ కాగితాల మీద సంతకం పెట్టకముందే ఒకసారి ఫోన్ చెయ్యి. కోప్పడనులే. నువ్వు రాసుకున్న నోట్స్ దగ్గర పెట్టుకో, ఆ జడ్జి ఏ శిక్ష వేయొచ్చో ఇద్దరం కలిసి చూద్దాం.

పెదనాన్న