పవర్‌డీ ఆన్‌లో ఉన్నా ఎన్100 బాక్స్ వేడి తగ్గట్లేదంటే

పీఎఫ్‌సెన్స్ (రౌటర్, ఫైర్‌వాల్‌గా పనిచేసే సాఫ్ట్‌వేర్) నడిపే ఎన్100 ప్రాసెసర్ మినీ కంప్యూటర్‌లో, పని తక్కువున్నప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించే పవర్‌డీని అడాప్టివ్ మోడ్‌లో పెట్టినా బాక్స్ చల్లబడకపోవడానికి కారణం ఇంటెల్ స్పీడ్ షిఫ్ట్ అయ్యుండాలి. ఎన్100 లాంటి కొత్త ఇంటెల్ చిప్‌లు దీంతో వేగాన్ని సొంతంగా చూసుకుంటాయి, పవర్‌డీ మాట వినవు.

1. పీఎఫ్‌సెన్స్‌లో సిస్టమ్ > అడ్వాన్స్‌డ్ > మిసలేనియస్. పవర్‌డీ టిక్ తీసేయండి.

2. అదే పేజీలో స్పీడ్ షిఫ్ట్ ఎనేబుల్ చేసి పవర్ ప్రిఫరెన్స్ 80 దగ్గర పెట్టండి. 0 అంటే పూర్తి వేగం, 100 అంటే పూర్తి పొదుపు. వీపీఎన్ వాడుతుంటే 100 జోలికి వెళ్లకండి. కంట్రోల్ లెవెల్ (వేగాన్ని ఒక్కో కోర్‌కి విడిగా మార్చాలా, చిప్ మొత్తానికి కలిపా అన్న సెట్టింగ్) మారిస్తే రీబూట్ చేయాలి.

3. స్పీడ్ షిఫ్ట్ అసలు కనబడకపోతే బయోస్‌లో ఆఫ్ అయి ఉండొచ్చు. అక్కడ ఆన్ చేయండి, సీ-స్టేట్స్ (పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోయే స్థితులు) కూడా.

ఎక్కువమంది బోల్తా పడేది చెక్ చేసే దగ్గరే. డాష్‌బోర్డ్ తెరిచి ఫ్రీక్వెన్సీ చూస్తే, ఆ పేజీని నడపడానికే ప్రాసెసర్ వేగం పెంచుకుంటుంది, మీకేమో ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది. బ్రౌజర్ ట్యాబ్ మూసేసి, పావుగంట ఆగి, ఎస్ఎస్‌హెచ్‌లో (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్ లైన్‌తో లాగిన్ అయి) ఉష్ణోగ్రత చూడండి.

ఫ్యాన్ లేని బాక్స్‌ని టీవీ యూనిట్ అరలో మూసిపెట్టి ఉంటే ముందు బయటికి తీయండి. హైదరాబాద్ మే ఎండల్లో ఈ సెట్టింగులేవీ దాన్ని కాపాడలేవు.