బ్లాక్‌పూల్ కథ రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ చదివాను. మొదటి నాలుగు పేజీలూ సముద్రమే. నురగలు, వెన్నెల, కెరటాల గుసగుసలు. పైన 1912, ఇంగ్లండులో లాంకషైర్ తీరాన జనం సెలవులకు వెళ్ళే ఊరు బ్లాక్‌పూల్ అని వేశావు గానీ, ఆ పేజీలు తీసుకెళ్ళి భీమిలి కథలో పెట్టినా ఎవరూ పోల్చుకోలేరు. చదువుతుంటే ఒళ్ళు మండింది. అయిదో పేజీలో, బల్ల మీద పెట్టిన ఉప్పూ మిరియాలకు కూడా, గదులు అద్దెకిచ్చే ఇంటావిడ వేరే డబ్బులు వేసిందని ఒక్క వాక్యం రాశావు. అక్కడ లేచి కూర్చున్నాను. కథంతా అందులోనే ఉంది. నువ్వేమో దాన్ని దాటేసి మళ్ళీ ఒడ్డుకు పరుగెత్తావు.

ఊరి కథ రాసేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఆ ఊరు ఎవరి డబ్బుతో పెరిగిందన్నది. ముప్పై ఏళ్ళుగా ఈ మాటే చెబుతున్నాను, ఇంకా చెబుతాను. 1846లో రైలు రావడం, 1894లో 518 అడుగుల టవర్ లేవడం నీ కథలో ఉన్నాయి. మరి ఆ టవర్‌కి టికెట్ కొన్నదెవరు? ఎక్కువమంది లాంకషైర్ నూలు మిల్లుల కూలీలు. వేసవిలో ఒక్కో మిల్లు ఊరు ఒక్కో వారం మూతపడేది. వాళ్ళు దాన్ని వేక్స్ వారం అనేవారు. ఓల్డ్‌హామ్‌ది ఒక వారమైతే బర్న్‌లీది ఇంకో వారం. మిల్లులో బాయిలర్లు బాగుచేసుకునేవారు, జనం పిల్లాపాపలతో రైలెక్కేవారు. ఆ వారానికి కూలి లేదు. ఏడాది పొడుగునా పొదుపు క్లబ్బుల్లో వారం వారం చిల్లర కట్టి, చీటీ పాడుకున్నట్టు సెలవుల ముందు తీసుకునేవారు. జీతంతో సెలవుల చట్టం వచ్చింది 1938లో! నీ కథానాయిక ఆలిస్ పర్సు తీసి పూల టోపీ కొనేస్తుంది. ఆ డబ్బు కూడబెట్టడానికి ఆ పిల్ల ఏమేం మానుకుందో ఒక్క మాట లేదు.

ఆ కూలి వెనక ఇంకో లెక్క ఉంది. 1914కు ముందు లాంకషైర్ గుడ్డకు అతి పెద్ద సంత మన దేశం. మన నేతగాళ్ళ మగ్గాలు మూలపడటానికీ ఆలిస్ బ్లాక్‌పూల్ వెళ్ళడానికీ మధ్య ఒక దారం ఉంది. ఉపన్యాసం ఇవ్వమనను. నీకు తెలిసి ఉంటే చాలు, వాక్యం బరువు దానంతటదే మారుతుంది.

నేను చేనేత సంఘంలో గుమస్తాగా ఉన్న రోజుల్లో రాసిన మొదటి నవలలో నూలు ధర, చీరకు మజూరీ, షావుకారు కోత అన్నీ ఉండేవి. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ అంకెలన్నిటి మీదా ఎర్రగీత కొట్టి, "కథలో చిట్టాపద్దులెందుకండీ, పాఠకులకు టెన్షన్" అని రాసి తిప్పి పంపాడు. వాటి స్థానంలో గోదావరి మీద సూర్యాస్తమయం పెట్టమన్నాడు. పెట్టలేదు. ఆ నవల అచ్చు కావడానికి మా ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. ఇవాళ్టికీ పత్రికల్లో అదే జబ్బు. వచనం ఎంత కవిత్వంలా ఉంటే అంత గొప్ప అంటారు. నీ మొదటి నాలుగు పేజీలు వాళ్ళు నేర్పినవే.

ఇంటావిడ సంగతికి వస్తాను. బ్లాక్‌పూల్‌లో భూమి చాలావరకు చిన్న చిన్న ముక్కలుగా అమ్ముడైంది. అందుకే స్టేషన్ల చుట్టూ ఇరుకు వీధుల్లో గోడా గోడా కలిపిన ఇళ్ళు లేచాయి. వాటిలో గదులు అద్దెకిచ్చి సంసారం నడిపింది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళలో చాలామంది ఆ మిల్లు ఊళ్ళ నుంచే పొట్ట చేతపట్టుకుని వచ్చారు. అద్దె ఇచ్చేది పడకకూ, వండిపెట్టినందుకూ. మాంసం, బంగాళాదుంపలు, టీ పొడి దిగినవాళ్ళే కొని తెచ్చివ్వాలి. ఒకే పొయ్యి మీద నాలుగైదు కుటుంబాల సరుకు, ఎవరిది వాళ్ళకి కలవకుండా వండాలి. రద్దీ రోజుల్లో ఒక్కో మంచానికి ముగ్గురు, నలుగురు. ఆ వంటగదిలోకి వెళ్ళు. ఎవరి మాంసం ముక్క ఎవరి కంచంలో పడిందని రేగిన గొడవ రాయి.

దీపాల వర్ణన రెండు పేజీలు అక్కర్లేదు. ఆ ఏడాది ఒడ్డున విద్యుద్దీపాల తోరణాలు కట్టించింది మునిసిపాలిటీ. ఊరిని ప్రచారం చేసుకోవడానికి పన్ను వేసే హక్కు 1879లోనే పార్లమెంటు నుంచి తెచ్చుకున్న మునిసిపాలిటీ అది. ఒక్క పేరా చాలు.

పోటీకి పంపాలా, శీర్షిక ఏం పెట్టాలి అని అడిగావు. అవి తర్వాత.

చివర్లో ఆలిస్ ఎక్కిన రైలు కదలగానే కథ ముగించావు. నువ్వు ఆ రైలెక్కకు, ఇంటావిడ దగ్గరే ఉండు. జనం వెళ్ళిపోయాక వేసవి దాకా ఆమెకు రాబడి అంతంతమాత్రం. ఇంటి అద్దె, బొగ్గు, మునిసిపాలిటీ పన్ను మాత్రం ఆగవు. ఉప్పు మీద వసూలు చేసిన ఆ పెన్నీలు ఆమె ఎక్కడ దాచిందో, దేనికి ఖర్చయ్యాయో రాసి పంపు.

ఆశీస్సులతో.