ఆఫ్రికా చిన్న పబ్లిషర్లు బుక్ ఫెయిర్లకి వెళ్తే లాభం ఏంటి?

నైజీరియా నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ బుక్ ఫెయిర్ దాకా వెళ్ళి నాలుగు పుస్తకాలు అమ్మితే ఫ్లైట్ ఖర్చు కూడా రాదు కదా అని అడిగారు. నిజమే, రాదు. కానీ ఫ్రాంక్‌ఫర్ట్ అంటే మన హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో సంచులు నింపుకుని వచ్చే టైపు ఫెయిర్ కాదండీ, అక్కడ ముఖ్యంగా అమ్మేది హక్కులు, అంటే ఆ పుస్తకాన్ని వేరే భాషలో, వేరే దేశంలో వేసుకునే అనుమతి, ఒక చిన్న టేబుల్, ఎదురెదురుగా రెండు కుర్చీలు, అరగంట టైమ్, ఆ అరగంటలోనే మీ రచయిత నవలని జర్మన్‌లోకో ఫ్రెంచ్‌లోకో తీసుకోమని అవతలివాళ్ళని ఒప్పించాలి.

నైజీరియా పబ్లిషర్ కసావా రిపబ్లిక్ ప్రెస్‌నే చూడండి. 2006లో బీబీ బకారే-యూసుఫ్, జెరెమీ వీట్ నైజీరియా రాజధాని అబూజాలో పెట్టారు. ఆఫ్రికా రచయితల పుస్తకాలు లండన్, న్యూయార్క్‌లో అచ్చయి సొంతూళ్ళో దొరక్కపోవడమే అక్కడి అసలు బాధ. అలాంటిది 2016లో ఈ అబూజా సంస్థే లండన్‌లో ఆఫీసు తెరిచింది, అంటే దారినే తిరగేశారు, నాకైతే చాలా గొప్పగా అనిపిస్తుంది.

అంత స్తోమత లేనివాళ్ళకి వాళ్ళ పుస్తకాల్ని బయటి దేశాల్లో అమ్మిపెట్టే ఆఫ్రికన్ బుక్స్ కలెక్టివ్ ఉంది, ఆక్స్‌ఫర్డ్ నుంచి దాదాపు 35 ఏళ్ళుగా నడుస్తోంది, ఆఫ్రికా పబ్లిషర్లే ఓనర్లు. చాలా పుస్తకాలు ఆర్డర్ వచ్చాకే ప్రింట్ చేస్తారు కాబట్టి జింబాబ్వేలోని హరారే నుంచి పెట్టెలు ఓడెక్కించే పని ఉండదు.