మూడో తరగతికి ఫ్రెంచ్ చెప్పబోయే మేనకోడలికి

బుజ్జీ,

స్కూల్లో చేరావని, మూడు నుంచి ఐదో తరగతి దాకా ఫ్రెంచ్ నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. తరగతికి నలభై మంది, వారానికి రెండు పీరియడ్లు, జూన్‌లో మొదలట. "అక్కా, దానికి వచ్చింది పెద్దవాళ్ల ఫ్రెంచ్. ఆ పిల్ల మూకని ఎలా పట్టుకుంటుందో" అని వాడి టెన్షన్ వాడిది. ముప్పై ఏళ్లు నేను చేసిన పని ఇదే. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, అందుకే రాస్తున్నాను.

ముందు నా తప్పు వినిపిస్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మూడో తరగతికి వెళ్లి, బోర్డు మీద 'ఎత్ర్' (ఉండటం) క్రియ పట్టిక రాశాను. జ సుయి, త్యు ఎ, ఇల్ ఎ... పిల్లలు పదమూడో ఎక్కంలాగా గొంతెత్తి అప్పజెప్పేవాళ్లు. నాకు ఒకటే సంబరం. డిసెంబర్‌లో ఒక ఫ్రెంచ్ ఆవిడ బడి చూడటానికి వచ్చింది. ముందు బెంచీ పిల్లాణ్ణి "నీ పేరేంటి?" అని ఫ్రెంచ్‌లో అడిగింది. వాడు లేచి, చేతులు కట్టుకుని, పట్టిక మొత్తం తడుముకోకుండా అప్పజెప్పాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఆవిడ నవ్వి వాడి భుజం తట్టింది. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందుకని మొదటి మూడు నెలలు నోటు పుస్తకం తెరవనివ్వకు. ఇది నియమం అనుకో. మన పిల్లలకు తెలుగు వల్ల రాసింది రాసినట్టు చదివే అలవాటు ఉంటుంది. తెలుగులో అది మంచి అలవాటే గానీ ఫ్రెంచ్‌లో కొంప ముంచుతుంది. 'పెతి' మాట చివర ఒక 'టి' ఉంది, 'పారి' చివర ఒక 'ఎస్' ఉంది, రెండూ పలకవు. అక్షరాలు ముందు కంట పడ్డాయో, ఇక 'పెటిట్' అనే అంటారు, ఎంత దిద్దినా పోదు. ముందు చెవికి ఎక్కితే, తర్వాత అక్షరాలు చూసినప్పుడు "ఓహో, ఇవి పలకనివి" అని వాళ్లే సర్దుకుంటారు. మాటల కింద తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం కూడా వద్దు. నేను ఇక్కడ ఆ పనే చేస్తున్నాననుకో, నీకు అసలు పలుకు తెలుసు కాబట్టి సరిపోయింది. అరసున్న పెట్టిన చోటల్లా ముక్కుతో చదువుకో.

ఇంకో మాట. ఫ్రెంచ్‌ని ఇంగ్లీషు మీదుగా చెప్పకు, తెలుగు మీదుగా చెప్పు. ఇంగ్లీషు మీడియం బడి కదా, మేనేజ్‌మెంట్ ఏమంటుందో అనుకుంటావేమో. మూసిన తలుపు వెనక నలభై నిమిషాలు నీవే. ఇంగ్లీషు 'టేబుల్'లో ఉన్న 'ట' ఫ్రెంచ్‌లో లేదు. అక్కడిది మన 'త', నాలిక పళ్లకు తగిలేది. 'తాబ్ల్' అనమంటే తెలుగు పిల్లలు మొదటిసారే సరిగ్గా అంటారు. ప, త, క లను ఊపిరి వదలకుండా పలకడం కూడా మనకు పుట్టుకతో వచ్చిందే. ఇంగ్లీషు వాళ్లు దీనికోసం ఏళ్లు కష్టపడతారు. అలాగే 'త్యు', 'వూ'. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క 'యూ' కాబట్టి ఇంగ్లీషులో వివరించబోతే పది నిమిషాలు పడుతుంది. తెలుగులో "మీ తమ్ముడితో నువ్వు అంటావా మీరు అంటావా? ప్రిన్సిపాల్‌తో?" అని అడుగు. అయిపోయింది పాఠం. తేడా ఒక్కటే చెప్పు, అక్కడ చాలా ఇళ్లలో అమ్మానాన్నలను, తాతయ్యను కూడా 'త్యు' అంటారని. ఈ ఒక్క విషయం మీద పిల్లలు పీరియడంతా పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనీ.

వారాల పేర్లు చెప్పేటప్పుడు కూడా ఇంతే. లఁది అంటే చంద్రుడి రోజు, మనకూ సోమవారమే. మార్దికి కుజుడు, తర్వాత బుధుడు, గురుడు, శుక్రుడు, వరసగా మన లెక్కే. శనివారానికి వచ్చేసరికి వాళ్లు దారి మార్చారు. సామ్‌ది మాట యూదుల విశ్రాంతి రోజైన సబ్బాతు నుంచి వచ్చింది, దిమాఁష్ అంటే ప్రభువు రోజు. ఇది నాలుగో తరగతిలో చెప్పు. మూడో తరగతి వాళ్లకు గ్రహాల గోల అక్కర్లేదు.

కష్టం వచ్చేది మూడు చోట్ల. మొదటిది ముక్కుతో పలికే అచ్చులు. 'బోఁ' అనమంటే 'బాన్' అని చివర నాలికను పైకి తగిలిస్తారు. హిందీలో 'హాఁ' అంటారు కదా, అలా నోరు తెరిచే ఉంచి ఆపమను. మన అరసున్న కూడా ఒకప్పుడు ఈ పనే చేసి ఉంటుంది. అన్నట్టు, పిల్లలకు కాదు గానీ నీకు సరదాగా ఉంటుందని చెబుతున్నాను. 'వాండు'లో సున్న పోయి దాని గుర్తుగా 'వాఁడు'లో అరసున్న మిగిలినట్టే, ఫ్రెంచ్‌లో 'ఫొరె' మీద ఉన్న టోపీ గుర్తు కూడా పోయిన 'ఎస్' తాలూకు జ్ఞాపకమే. ఆ 'ఎస్' ఇంగ్లీషు 'ఫారెస్ట్'లో ఇప్పటికీ ఉంది. రెండోది 'త్యు'లో ఉన్న అచ్చు. పెదవులను 'ఊ'కి పెట్టి లోపల 'ఈ' అనమను, అద్దం ఇస్తే ఇంకా త్వరగా వస్తుంది. మూడోది గొంతులోంచి వచ్చే 'ర'. పాతబస్తీలో పెద్దవాళ్లు 'గరీబ్' అన్నప్పుడు ఆ 'గ' ఎక్కడి నుంచి వస్తుందో గమనించావా? అక్కడి నుంచే. ఉర్దూ ఇంటి పిల్లలు ఇద్దరున్నా చాలు, వాళ్లను టీచర్లను చేసేయ్. మామూలుగా వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఆ రోజు ముందుకొస్తుంది.

వస్తువులకు లింగం ఉండటం మన వాళ్లకు వింతే. తెలుగులో బల్లయినా పుస్తకమైనా 'అది'. హిందీ చదివే పిల్లలు కాబట్టి ఆ ఊహ కొత్త కాదు, కానీ హిందీ లింగాన్నే ఇక్కడ పెట్టేస్తారు. పుస్తకమే చూడు, హిందీ కితాబ్ స్త్రీలింగం, ఫ్రెంచ్ 'లివ్ర్' పుంలింగం. మరి దారి? ఏ మాటనూ ఒంటరిగా నేర్పకు. 'తాబ్ల్' కాదు, ఎప్పుడూ 'లా తాబ్ల్'. ఎర్ర అట్టల మీద 'లా' మాటలు, అంటే స్త్రీలింగం, నీలం అట్టల మీద 'ల' మాటలు, అంటే పుంలింగం, మొదట్లో బొమ్మలు మాత్రమే.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది హాజరు పట్టీ. నవ్వకు. అబ్బాయి 'ప్రెజాఁ' అనాలి, అమ్మాయి 'ప్రెజాఁత్' అనాలి. చివరి 'త' పలికేది అమ్మాయిలే. ప్రతి క్లాసులో నలభై సార్లు ఈ తేడా చెవిన పడుతుంది. వ్యాకరణం మాట ఎత్తకుండానే ఆగస్టుకల్లా ఎవరైనా తప్పు చెబితే క్లాసంతా గొల్లుమంటుంది. ఐదు నిమిషాలు వృథా అని ఎవరైనా అంటే వినకు.

ఆటల్లో తొక్కుడు బిళ్లను మించింది లేదు. ఫ్రెంచ్ పిల్లలకూ ఉంది, 'మారెల్' అంటారు. మొదటి గడి నేల, చివరి గడి ఆకాశం. మైదానంలో సుద్దముక్కతో గీసి, కింద 'తేర్', పైన 'సియెల్' అని బొమ్మలు వేయి. బిళ్ల విసిరిన పిల్ల ఒంటికాలి మీద కుంటుతూ ఒక్కో గడికి ఒక్కో అంకె అరవాలి. అంకె తప్పితే అవుట్, గీత తొక్కినా అవుట్. వరసలో నిలబడ్డ వాళ్లు తమ వంతు కోసం మనసులో లెక్కపెట్టుకుంటూ ఉంటారు చూడు, అసలు చదువు అక్కడ జరుగుతుంది. వానాకాలంలో క్లాసులోనే తంబోలా పెట్టు, ముప్పై ఒకటి దాకా అంకెలు చాలు, పుట్టినరోజులు చెప్పుకోవడానికి సరిపోతాయి. డెబ్బై అంటే అరవై-పది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై అంటే నాలుగు ఇరవైల-పది. ఇదంతా ఐదో తరగతికి ఉంచు, అప్పుడు లెక్కల పొడుపుకథలా ఉంటుంది.

ఫిబ్రవరి 2న వాళ్లకు అట్ల పండగ లాంటిది ఒకటుంది, షాఁద్‌లర్. పెనం మీది క్రేప్‌ని ఎగరేసి తిరగేస్తారు, ఇంకో చేతిలో నాణెం పట్టుకుని అలా చేస్తే ఆ ఏడాది డబ్బుకు లోటుండదని నమ్మకం. మా పిల్లలు "మా అమ్మమ్మ రోజూ చేస్తుంది మేడం" అని తీసిపారేసేవాళ్లు. అయితే క్రేప్‌లో గుడ్డు పడుతుంది. ముందు ఇళ్లలో అడగకుండా తినిపించకు, ఆ గొడవ నేను ఒకసారి పడ్డాను.

తల్లిదండ్రులు జూలైలోనే వస్తారు, "నోట్స్ ఖాళీగా ఉన్నాయేంటి?" అని. వివరించడానికి ప్రయత్నించకు. పక్కనున్న పిల్లను పిలిచి, అమ్మకు నాన్నను ఫ్రెంచ్‌లో పరిచయం చేయమను. చాలు. "తెలుగు బదులు ఫ్రెంచ్ ఇప్పించొచ్చా, ఇంటర్‌లో మార్కులొస్తాయట" అని కొందరు అడుగుతారు. తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి అని 2018లోనే చట్టం వచ్చిందని మర్యాదగా చెప్పు. చట్టం లేకపోయినా నేను ఒప్పుకునేదాన్ని కాదు, తెలుగు రాని పిల్లకు నేను పైన చెప్పినవేవీ పనిచేయవు. ఇన్ని భాషలు బరువు కదా అనే వాళ్లకు మారిషస్ సంగతి చెప్పు. అక్కడి ప్రైమరీ పిల్లలు ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండూ చదువుతారు, మన మూలాలున్న పిల్లలు వాటితో పాటు బళ్లోనే తెలుగూ నేర్చుకోవచ్చు. సర్టిఫికెట్ కావాలనే వాళ్లకు డెల్ఫ్ ప్రిమ్ అని చిన్నపిల్లల ఫ్రెంచ్ పరీక్ష ఉంది, కానీ ఐదో తరగతి లోపు ఎవరినీ కూర్చోబెట్టకు.

ఇక నీ సంగతి. నీ వ్యాకరణం బాగుంటుంది, పలుకు కొంచెం తుప్పు పట్టింది. రోజూ పొద్దున వంట చేస్తూ ఆర్ఎఫ్ఐ అనే ఫ్రెంచ్ రేడియో వాళ్లు తేలిక ఫ్రెంచ్‌లో ఇచ్చే వార్తలు పది నిమిషాలు విను. వినడమే కాదు, వెంట వెంట పలుకు. నాకు ఫ్రెంచ్ చెప్పిన పెద్దాయన యానాంలో ఉండేవారు, 1954కి ముందు, యానాం ఇంకా ఫ్రెంచ్ వాళ్ల పాలనలో ఉన్నప్పుడు, అక్కడి ఫ్రెంచ్ బళ్లో చదువుకున్న మనిషి. కాకినాడ నుంచి బస్సులో వెళ్లేదాన్ని. నా నోటు పుస్తకం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు ఆయన. అరుగు మీద కూర్చుని, నా మూతి వంక చూసి, "ఇంకా ముందుకు పెట్టు పెదాలు" అనేవారు. అప్పుడు ఒళ్లు మండేది.

అట్టల పెట్టె మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. ఎర్రవి ఎనభై, నీలంవి డెబ్బై పైన ఉంటాయి, కొన్ని చిరిగాయి, అతికించుకో. అడుగున కాగితం చేపలు ఉంటాయి, పారేయకు. ఏప్రిల్ ఒకటిన ఫ్రెంచ్ పిల్లలు ఒకరి వీపుకొకరు తెలియకుండా అంటించే చేపలవి. ఆ రోజు స్టాఫ్ రూమ్‌కి వెళ్లే ముందు ఒకసారి నీ వీపు తడుముకో.

అత్త