స్టీరింగ్ సందేహాలు: ఓఆర్‌ఆర్ అలవాటు, ఫీనిక్స్ ఫ్రీవే

ప్రశ్న: ఐదేళ్లుగా హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వారానికి రెండుసార్లయినా శంషాబాద్ దాకా కారు నడుపుతున్నాను. జూన్‌లో అరిజోనాలోని చాండ్లర్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. మూడు నెలలు ఉంటాం. "నాన్నా, ఫ్రీవే మాత్రం ఎక్కకు" అంటున్నాడు. ఓఆర్‌ఆర్ నడిపినవాడికి అదో లెక్కా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: వేగానికైతే లెక్క కాదు. చాండ్లర్ పక్కనున్న ఫీనిక్స్ నగరంలోని ఫ్రీవేల మీద పరిమితి చాలాచోట్ల గంటకు 65 మైళ్లు, అంటే దాదాపు 105 కిలోమీటర్లు. ఓఆర్‌ఆర్ కుడి లేన్లలో 120 దాకా వెళ్లనిస్తున్నారు. చిక్కంతా ఎక్కే దగ్గరే. ఇక్కడ టోల్ గేటు దాటి, నలభైలో మెల్లగా వచ్చి, ఖాళీ చూసుకుని ఎడమ లేన్‌లో కలుస్తాం. ఇంటర్‌ఛేంజ్‌కీ ఇంటర్‌ఛేంజ్‌కీ మధ్య కిలోమీటర్ల కొద్దీ దూరం కాబట్టి చెల్లిపోతోంది. అక్కడ ఇంచుమించు మైలుకో ర్యాంప్, అంటే ఫ్రీవే ఎక్కే పక్కదారి. టోల్ లేదు, గేటూ లేదు. ర్యాంప్ చివరికొచ్చేసరికి మీ కారు 60 మైళ్లు అందుకుని ఉండాలి.

ర్యాంప్ సగంలోనే ఎడమ ఇండికేటర్ వేసి, అద్దం చూసి, ఎడమ భుజం మీదుగా ఒక్కసారి తల తిప్పి చూడండి. ఏ రెండు బళ్ల మధ్య దూరాలో అప్పుడే తేల్చుకుని, దానికి తగ్గట్టు యాక్సిలరేటర్ తొక్కండి. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ర్యాంప్ కొసన ఆగిపోవడం. ఆగిన కారు మళ్లీ 105 అందుకోవడానికి పది సెకన్లు పడుతుందనుకుందాం. ఈలోగా వెనకాల అదే వేగంతో వచ్చే బండి దాదాపు 290 మీటర్లు వచ్చేస్తుంది. రద్దీ వేళల్లో కొన్ని ర్యాంపుల మీద సిగ్నల్ ఉంటుంది. పచ్చ లైటు పడితే బోర్డు మీద రాసినన్ని కార్లే, మామూలుగా ఒక్కటే, కదలాలి. అక్కడినుంచి మొహమాటం లేకుండా తొక్కాల్సిందే.

రెండో సంగతి కుడి ఎడమల తారుమారు. మనకు నెమ్మది బళ్లు ఎడమన, అక్కడ కుడిన. ఎగ్జిట్లు కూడా దాదాపు అన్నీ కుడివైపే. ఇక్కడ చాలామందికున్న, ఎడమన అంటే నెమ్మది బళ్ల వైపు నుంచి దూరి ముందుకెళ్లే అలవాటు విమానం ఎక్కేముందే వదిలేయండి. మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కాడ కుడిచేతి వైపు, వైపర్ కాడ ఎడమచేతి వైపు ఉంటాయి. అక్కడ అటుదిటు. మొదటి వారం లేన్ మారబోయిన ప్రతిసారీ ఎండలో వైపర్లు ఆడతాయి. నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ క్షణంలో మీ ఇండికేటర్ వెలగలేదన్న మాట. ఒక ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లో అరగంట తిప్పితే చెయ్యి కుదురుకుంటుంది.

అన్నిటికన్నా ఎడమన వజ్రం గుర్తు వేసిన లేన్ కనబడుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి 9, మధ్యాహ్నం 3 నుంచి 7 మధ్య అందులో ఇద్దరుంటేనే వెళ్లాలి. మీరూ మీ ఆవిడా ఉంటే చాలు.

దారి గుర్తుల్లోనూ తేడా ఉంది. ఓఆర్‌ఆర్ ఎగ్జిట్లకు వరస నంబర్లు. అక్కడ మైలు లెక్కన నంబర్లు, కాబట్టి రెండు నంబర్ల తేడాయే దూరం. టూసన్ నుంచి నొగాలెస్ వెళ్లే ఐ-19 మీద మాత్రం విచిత్రంగా దూరాలు కిలోమీటర్లలోనే రాస్తారు. లూప్ 101 ఊరి చుట్టూ వంగుతుంది. పడమటి కొస నుంచి 101 నార్త్ అని ఎక్కితే కాసేపటికి బోర్డు ఈస్ట్ అంటుంది, తర్వాత సౌత్ అంటుంది. దారి తప్పలేదు, అదే రోడ్డు. ఊరు పెరుగుతున్నకొద్దీ పనులు నడుస్తూనే ఉంటాయి, శుక్రవారం రాత్రి నుంచి సోమవారం తెల్లవారుజాము దాకా ఫ్రీవే ముక్కకు ముక్కే మూసేయడం మామూలే. బయల్దేరేముందు అరిజోనా రోడ్ల సమాచారమిచ్చే ఏజెడ్ 511 చూసుకోండి.

ప్రశ్న: అరిజోనాలో దుమ్ము తుఫానులో కారు ఆపి లైట్లన్నీ ఆర్పేయమంటారట! ఇక్కడ వానొస్తే హజార్డ్ లైట్లు వేస్తాం కదా?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: ఆర్పేయడమే సరి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా అక్కడ వానకాలం. ఉరుముల మబ్బు కూలినప్పుడు వీచే గాలి ఎడారి మట్టిని గోడలా లేపుకొస్తుంది. ఆ దుమ్ములో వెనకవాడికి దారి కనబడదు, మీ ఎర్ర లైటొక్కటే కనబడుతుంది. ముందు కారు పోతోందనుకుని దాన్ని పట్టుకునే వస్తాడు, వచ్చి గుద్దుతాడు. కాబట్టి తారు దాటి వీలైనంత పక్కకు దిగాలి. హజార్డ్‌తో సహా అన్ని లైట్లూ ఆర్పి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు పెడల్ మీంచి కాలు తీసేయాలి. ఆ చివరిదే అందరూ మర్చిపోతారు, కాలు ఉన్నంతసేపూ బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంటుంది. బెల్టు తీయొద్దు.

ఇక మన వానలో హజార్డ్ వేసుకుని నడపడం తప్పే. నాలుగూ కొట్టుకుంటుంటే మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. హెడ్‌లైట్ లో-బీమ్ చాలు. ఓఆర్‌ఆర్ మీద బండి చెడి ఆగినప్పుడు వేయాలి హజార్డ్. కనీసం యాభై మీటర్ల వెనక త్రికోణం పెట్టి, మనుషులు రెయిలింగ్ అవతలికి వెళ్లాలి.

ప్రశ్న: కారు తలుపు మీద స్టిక్కర్ టైర్లలో గాలి 33 పీఎస్‌ఐ అంటోంది. మే నెలలో ఘట్‌కేసర్ నుంచి వచ్చి బంకులో చూపిస్తే 38 ఉంది. తీసేయించాలా?
– ఒక పాఠకుడు, ఎల్బీ నగర్

జవాబు: వద్దు. 33 అన్నది చల్లటి టైరు లెక్క. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. వేడి మీద 33కి దించితే తెల్లారేసరికి 28 చూపిస్తుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ మడత పడుతుంది, ఆ మడతే వేడి పుట్టిస్తుంది. ఎండాకాలం టైరు పేలిందంటే, గాలి ఎక్కువై కన్నా తక్కువయ్యే ఎక్కువ.

పక్కగోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు కూడా చూడండి. 2317 అంటే 2017లో 23వ వారం తయారీ. గీతలు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదే, 120 లేన్‌కి పనికిరాదు. మీ స్టెప్నీ సన్నటి రకమైతే దాని మీద రాసి ఉన్న 80 పరిమితి దాటకుండా ఎడమ లేన్‌లోనే పోవాలి.